యూదుల విద్యార్థికి జరుగు విందు

పరీక్షలో గెలిచిన విద్యార్థిని మెచ్చుకొనుట లోకమంతట నున్నదే. ఒక గ్రంథమును కడముట్ట చదివినందుకే పదిమందిని పిలిచి విందు చేయు నాచారము యూదులలో కలదు. దీనిని 'సియ్యూము' అందురు. హీబ్రూభాషలో ముగింపు అని యర్థము.

వారి సంప్రదాయ పాఠశాలలలో ముఖ్యగ్రంథము తల్మూదు. ధర్మశాస్త్రము, వ్యాఖ్యానము, వాదప్రతివాదములు, కథలు అన్నియు నందు కలసియున్నవి. బాబిలోనియా తల్మూదునకు నేటి లెక్కలో 2711 పత్రములు. మూలము హీబ్రూ, చర్చ చాలవరకు అరమాయికు. ప్రశ్న యెచ్చట ముగిసినదో, సమాధాన మెచ్చట మొదలైనదో చదువరియే కనిపెట్టుకొనవలెను. కావున నిద్దరిద్దరు జతగా కూర్చుండి బిగ్గరగా వాదించుకొనుచు చదువుదురు. అట్టి పాఠశాలలో నిశ్శబ్దము గలిగినచో నుపాధ్యాయుడు కలవరపడవలసినదే!

ఇట్లు నెలల తరబడి శ్రమించి ఒక భాగమును పూర్తిచేయు విద్యార్థి కడపటి పంక్తులను కావలెననియే మిగిల్చియుంచును. గురువులు, బంధుమిత్రులు చేరినపిమ్మట వారి యెదుట వానిని చదివి యర్థము చెప్పును. తరువాత 'హద్రాన్' అను వచనమును పఠించును. అందు గ్రంథమునే పేరుపెట్టి పిలిచి, తాను దానికడకు మరల వత్తుననియు, అది తన్ను మరువదనియు పలుకును. చదివినది మరచుట మానవసహజమని యెరిగినవారే దీనిని కూర్చిరని నా తలంపు. ఆ వచనములో పాపా యను పండితుని పదుగురు కుమారుల పేర్లు వరుసగా వచ్చును. ఎందుకని యడిగినచో నొక్కొక్కరొక్క కారణము చెప్పుదురు.

ఈ సంతోషము విద్యార్థి యొక్కనిదే కాదు. పస్కాపండుగకు ముందుదినమున జ్యేష్ఠపుత్రు లుపవాసముండవలెను. ఆనాడు సియ్యూములో కూర్చున్నవారి కుపవాసము తొలగును. ఆ భాగములో నొక్క యక్షరము చదువనివాడును విందారగింపవచ్చును. ప్రథమశ్రేణి యొకనికి వచ్చిన మరియొకనికి పోవును. సియ్యూము నందట్టిది లేదు. అందుచేతనే నాకిది ప్రియము.

పిల్లల విషయమునను తీపి మరువలేదు. మధ్యయుగములందు జర్మనీ యూదులు పలకమీది యక్షరములకు తేనె పూసి, తొలిదినమున బాలునిచే నాకించెడివారు. మనవారు బియ్యములో నోనమాలు దిద్దించిన ట్లనుకొనుడు.

అయినను చదువు తేనెతోనే సాగలేదు. తూర్పుయూరపులో పేదవిద్యార్థులు దినమున కొక యింట భోజనము చేయుచు చదివిరి. వారములు చేసికొని చదివిన మన పెద్దల కా యవమానము వేరుగ చెప్పనక్కరలేదు. పోలండులోని లూబ్లిను నగరమున మేయిరు షపీరో యను పండితుడు చందాలు ప్రోగుచేసి, భోజనవసతులతో గూడిన గొప్ప విద్యాలయమును 1930లో తెరచెను. విద్యార్థికి గౌరవము విందునాడే కాక ప్రతిదినమును కావలెనని యాయన పట్టుదల. ఆయన 1933లో మరణించెను. 1939లో జర్మనులు నగరము నాక్రమించుటతో విద్యాలయ మంతరించెను. భవనము 2003లో యూదుల వశమయ్యెను.

దినమున కొక్క పత్రము చొప్పున లోకమందలి యూదులందరు నొకే పాఠము చదువవలెనని 1923లో వియన్నా సభలో ప్రతిపాదించినవాడును షపీరోయే. ఒక్క యావృత్తికి సుమా రేడున్నర యేండ్లు. పదుమూడవ యావృత్తి యుత్సవమునకు 2020 జనవరి 1వ తేదీన అమెరికాలోని న్యూజెర్సీలో, ఎముకలు కొరుకు చలిలో, వేలకొలది జనము చేరిరి. నాలుగవ తేదీన కడపటి పత్రము ముగిసెను. అయిదవ తేదీన మొదటి గ్రంథమును మరల తెరచిరి.