ఎముక జవాబు చెప్పేలోపే

2019 నవంబర్ 16, శనివారం. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం, స్టార్క్‌విల్ ఊళ్లో కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. మొదటి సగం ముగియడానికి ఇంకా మూడు నిమిషాలుంది. అలబామా విశ్వవిద్యాలయం జట్టు అప్పటికే 35-7తో ముందుంది. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ టువా టంగోవైలోవా బంతి విసరడానికి దారి వెతుక్కుంటూ పక్కకు పరుగెత్తాడు. ఎదుటి జట్టువాళ్లు ఇద్దరు వెంటపడి మీద పడ్డారు. అందరూ కలిసి కూలారు. లేచి చూస్తే కుర్రాడి ముక్కు నుంచి రక్తం కారుతోంది. చూసేవాళ్ల కళ్లు ఆ రక్తం మీదే ఉన్నాయి గానీ, అసలు దెబ్బ కుడి తుంటిలో తగిలింది. అక్కణ్నుంచి హెలికాప్టర్‌లో బర్మింగ్‌హామ్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. అప్పటికి అతని వయసు 21.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాళ్లతో ఆడేది కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసురుతూ, చంకలో పెట్టుకుని పరుగెత్తుతూ ఆడే అమెరికా ఆట. ఎవరికి ఎప్పుడు ఎలా విసరాలో తేల్చేది క్వార్టర్‌బ్యాక్. హైస్కూలు దాటి మూడేళ్లయితేనే ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ తలుపు తెరుస్తుంది. ఈలోగా కాలేజీ జట్లలో ఆడాలి. ఆ రోజుల్లో కాలేజీ ఆటగాడికి స్కాలర్‌షిప్పే తప్ప జీతం లేదు. లక్షమంది పట్టే స్టేడియాలు నిండేవి, అతనికి మాత్రం చదువు, తిండి, వసతి. ఆటగాళ్లకు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకునే వీలు 2021 జులైలో గానీ రాలేదు.

టువాకు ఆ మూడేళ్లు నిండాయి. దెబ్బ తగలకపోతే ఆలోచించాల్సిన పనే లేదు, వెళ్లిపోయేవాడు. దెబ్బ తగిలాక ఉండాలా వెళ్లాలా అన్నది తేల్చాల్సి వచ్చింది. వెళ్తున్నానని చెప్పడానికి గడువు 2020 జనవరి 20. ఆ గడువులోపల అతని తుంటి ఎముక ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు అన్నదే ఈ వ్యాసం.

రుబ్బురోలు చూసినవాళ్లకు తుంటి కీలు సులువుగా అర్థమవుతుంది. రోలు గుంటలో పొత్రం ఒదిగి కూర్చుని, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. తొడ ఎముక పైకొసన ఉండే గుండ్రటి బంతి ఆ పొత్రం. కటి ఎముకలోని గిన్నె ఆ రోలు. రెండింటి మీదా నున్నటి మృదులాస్థి పొర, చుట్టూ దళసరి సంచి, దాని మీద బలమైన కండరాలు. ఒంట్లో ఇంత దిటవుగా అమరిన కీళ్లు తక్కువ. భుజం జారినంత తేలిగ్గా తుంటి జారదు.

అది జారాలంటే ఒక ప్రత్యేకమైన భంగిమ కావాలి. తొడ పొట్టవైపు మడిచి ఉండగా మోకాలు దేనికైనా గట్టిగా గుద్దుకుంటే ఆ తాకిడి తొడ ఎముక పొడవునా ప్రయాణించి బంతిని గిన్నె వెనకంచు మీదికి తోస్తుంది. అంచు పగులుతుంది, బంతి వెనక్కి దూకుతుంది. టువాకు జరిగింది ఇదే: కీలు వెనక్కి జారింది, గిన్నె వెనక గోడ విరిగింది. మన హైవేల మీద కార్లు గుద్దుకున్నప్పుడు ముందు సీట్లో ఉన్నవాళ్లకు తగిలే దెబ్బ కూడా ఇదే. మోకాలు డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంటుంది కాబట్టి డాక్టర్లు దీన్ని డ్యాష్‌బోర్డ్ గాయం అనే అంటారు. ఏ ఎముకల వార్డులో అడిగినా చెబుతారు.

విరిగిన గోడను అతికించవచ్చు. భయం దాని గురించి కాదు, రక్తం గురించి.

పెద్దవాళ్లలో ఆ బంతికి రక్తం దాదాపు ఒకే దారిన వస్తుంది. ఒక ధమని తొడ ఎముక మెడ వెనగ్గా చుట్టి వచ్చి, సన్నని పాయలుగా చీలి, మెడను ఆనుకునే పైకి పాకి బంతిలోకి దిగుతుంది. కాలువ చివరి శివారు చేను ఎలా ఉంటుందో ఆ బంతి అలా ఉంటుంది. ఎగువన గండి పడితే నీళ్లు తెచ్చుకోవడానికి దానికి వేరే కాలువ లేదు. బంతి గిన్నెలోంచి దూకినప్పుడు ఆ సన్నని నాళాలు సాగుతాయి, మెలిపడతాయి, కొన్నిసార్లు తెగుతాయి. అందుకే తుంటి జారితే ఆరు గంటలలోపు తిరిగి కూర్చోబెట్టాలని ఎముకల వైద్యం గట్టిగా చెబుతుంది. ఆలస్యమైన కొద్దీ ఎముక చచ్చిపోయే ప్రమాదం పెరుగుతుంది. టువా విషయంలో ఆ పని స్టేడియంలోనే అయిపోయింది. అతని తర్వాతి కథలో ఏ ఒక్క నిర్ణయానికైనా దండం పెట్టాలంటే నేను దీనికే పెడతాను. రెండు రోజుల తర్వాత, సోమవారం నాడు, హ్యూస్టన్‌లో శస్త్రచికిత్స చేసి విరిగిన గోడను సరిచేశారు.

రక్తం అందక ఎముక చచ్చిపోవడాన్ని ఏవీఎన్ అంటారు. కోవిడ్ తర్వాత ఈ మూడక్షరాలు మన ఊళ్లలోనూ వినబడ్డాయి. స్టెరాయిడ్లు ఎక్కువ వాడిన కొందరికి తుంటి నొప్పి మొదలై, స్కాన్ తీస్తే ఇదే బయటపడింది. కారణం వేరు, జబ్బు ఒకటే.

ఈ జబ్బులో నన్ను ఎక్కువ కలవరపెట్టేది దాని నిశ్శబ్దం. ఎముకలో కణాలు చచ్చిపోయినా కాల్షియం కట్టడం అలాగే నిలబడి ఉంటుంది. ఇంట్లోవాళ్లు వెళ్లిపోయినా ఇల్లు నిలబడ్డట్టు. ఎక్స్‌రేలో బంతి గుండ్రంగా, నిండుగా కనిపిస్తుంది. మనిషి నడుస్తాడు, నొప్పి లేకపోవచ్చు కూడా. ఆ తర్వాత ఒళ్లు మరమ్మతు మొదలుపెడుతుంది. కొత్త కణాలు వచ్చి చచ్చిన ఎముకను తొలిచేస్తాయి, ఆ చోట కొత్తది పోస్తాయి. తొలిచే పని త్వరగా అవుతుంది, పోసే పని నెమ్మదిగా. ఆ మధ్యకాలంలో ఎముక బలహీనపడుతుంది. మృదులాస్థి కింద సన్నగా చీలిక పడి, గుండ్రటి బంతి ఒక పక్క కుంగుతుంది. కుంగిన పొత్రం రోట్లో సాఫీగా తిరగదు. ఇదంతా బయటపడడానికి నెలలు పట్టవచ్చు, కొందరిలో ఏడాది రెండేళ్లు. ఎంఆర్ఐ ఎక్స్‌రే కన్నా చాలా ముందే పసిగడుతుంది గానీ, మొదటి వారాల్లో దెబ్బ వల్ల వచ్చిన వాపు, పక్కనే ఉన్న లోహపు స్క్రూల నీడ బొమ్మను మసకబారుస్తాయి. అందుకే ఒక్క స్కాన్‌తో సరిపెట్టరు, వ్యవధి ఇచ్చి మళ్లీ మళ్లీ తీస్తారు.

అమెరికాలో ఈ గాయం పేరెత్తగానే అందరికీ గుర్తొచ్చేది బో జాక్సన్. ఫుట్‌బాల్, బేస్‌బాల్ రెండూ అత్యున్నత స్థాయిలో ఆడిన మనిషి. 1991 జనవరి 13న రైడర్స్ ఫుట్‌బాల్ జట్టు తరఫున ఆడుతూ పరుగులో ఉండగా వెనక నుంచి పట్టుకుని పడేశారు. చూడడానికి మామూలు పట్టు. తుంటి జారింది, రక్తం ఆగింది, బంతి చచ్చిపోయింది. 1992లో కృత్రిమ తుంటి పెట్టారు. దానితోనే 1993లో బేస్‌బాల్ మైదానంలోకి తిరిగొచ్చి మొదటి అవకాశంలోనే హోమ్ రన్ కొట్టాడు. ఫుట్‌బాల్ మాత్రం మళ్లీ ఆడలేదు.

టువా 2020 జనవరి 6న ప్రకటించాడు: ప్రొఫెషనల్‌గా వెళుతున్నాను. శస్త్రచికిత్స జరిగి ఆ రోజుకు సరిగ్గా ఏడు వారాలు. గోడ అతుక్కుంటోందో లేదో ఏడు వారాల్లో చాలావరకు తెలుస్తుంది. రక్తం సంగతి తెలియదు. అంటే ఎముక జవాబు చెప్పేలోపే అతను జవాబు చెప్పాల్సి వచ్చింది.

చాలామంది దీన్ని తెగింపు అన్నారు. నాకు మాత్రం ఇందులో నిదానంగా వేసుకున్న లెక్క కనిపిస్తుంది. ఇంకో ఏడాది కాలేజీలో ఉన్నంత మాత్రాన చచ్చిపోయే ఎముక బతకదు. బతికే ఎముక ఎక్కడున్నా బతుకుతుంది. తేడా ఎక్కడంటే, చెడు వార్త వచ్చే సమయానికి ఒప్పందం చేతిలో ఉందా లేదా అన్న చోట. ఎన్ఎఫ్ఎల్ జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఒక్కొక్కరినే ఎంచుకుంటాయి. 2011 నుంచి వాళ్ల జీతం ఎన్నోవాడిగా ఎంచుకున్నారన్న దాన్నిబట్టి దాదాపు ముందే ఖరారై ఉంటుంది. 2020లో మొదటగా ఎంపికైన జో బరోకు నాలుగేళ్లకు సుమారు 3.6 కోట్ల డాలర్లు, అయిదో వాడికి 3 కోట్లు, 32వ వాడికి కోటి పైచిలుకు. గాయం వల్ల కొన్ని స్థానాలు కిందికి జారినా మిగిలేది సున్నా కంటే ఎంతో పైన ఉంటుంది. కాలేజీలో ఉండి మళ్లీ దెబ్బ తింటే మిగిలేది ఆ సున్నాయే. అనుమానపు బరువు అప్పటిదాకా కుర్రాడి ఒక్కడి మీదే ఉంది, సంతకం పడ్డాక అందులో పెద్ద వాటా జట్టు మోస్తుంది.

అయితే ఈ లెక్క గాయాన్నిబట్టి మారుతుంది, ఎందుకంటే ఒంట్లో ఒక్కో కణజాలానిది ఒక్కో గడియారం. నోటర్‌డామ్ ఆటగాడు జేలన్ స్మిత్ 2016 జనవరి 1న ఫియెస్టా బౌల్ మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్లు తెంపుకున్నాడు. వాటితోపాటు మోకాలి పక్కగా పాదానికి దిగే నరం దెబ్బతింది. పాదం పైకి ఎత్తలేని పరిస్థితి. లిగమెంటుకు బదులు వేసిన అతుకు గట్టిపడడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది. నరమైతే రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, అదీ పెరిగితే. అడుగున్నర దూరం పాకాలంటే ఎన్నాళ్లో లెక్కవేసుకోండి. మొదటి అయిదారుగురిలో ఉంటాడనుకున్నవాణ్ని డల్లాస్ జట్టు 34వ వాడిగా తీసుకుంది. ఏడాదంతా ఆగింది. 2017లో అతను మైదానంలోకి దిగాడు, 2019లో లీగ్‌లోని మేటి ఆటగాళ్ల మ్యాచ్ ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. సౌత్ కరొలైనా ఆటగాడు మార్కస్ లాటిమోర్ కథ వేరే. 2012 అక్టోబర్‌లో అతని కుడి మోకాలు కీలే జారిపోయింది. అంతకు ముందు ఏడాదే ఎడమ మోకాలి లిగమెంటు తెగింది. శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు 131వ వాడిగా తీసుకుని ఓపిగ్గా ఎదురుచూసింది. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 2014 నవంబర్‌లో అతను రిటైరయ్యాడు. కష్టపడడంలో ఇతను ఆ జేలన్‌కు ఏమాత్రం తీసిపోడు. మోకాలు కలిసి రాలేదు.

టువాది ఎడమచేతి విసురు. పుట్టుకతో కుడిచేతివాటమే అయినా, తండ్రి పట్టుబట్టి ఎడమచేత్తో విసరడం నేర్పాడు. ఎడమచేత్తో విసిరేవాడు కుడికాలు ముందుకు వేసి, దాని మీద బరువు మోపి, నడుమును తిప్పుతాడు. ఆ మెలిక మొత్తం కుడి తుంటిలోనే తిరుగుతుంది, దెబ్బతిన్న తుంటిలోనే. ఫిబ్రవరి చివర్లో ఇండియానాపోలిస్‌లో జట్ల డాక్టర్లు కుర్రాళ్లందరినీ పరీక్షించారు. ఆ తర్వాత మహమ్మారి వచ్చి అన్నీ మూతపడ్డాయి, మళ్లీ తాకి చూసే వీలు లేకపోయింది. ఏప్రిల్ 23న మయామీ డాల్ఫిన్స్ అతన్ని అయిదో వాడిగా ఎంచుకుంది. నవంబర్ 1న, దెబ్బ తగిలి ఏడాది కూడా నిండకముందే, మొదటి బంతి నుంచి ఆడే క్వార్టర్‌బ్యాక్‌గా దిగాడు. తుంటి నిలబడింది. 2023లో లీగ్ మొత్తంలో విసుర్ల మీద అందరికన్నా ఎక్కువ గజాలు రాబట్టినవాడు అతనే, 4,624 గజాలు.

ఆపద మరో వైపు నుంచి వచ్చింది. 2022 సెప్టెంబర్ 29న సిన్సినాటీలో అతని తల నేలకు కొట్టుకుంది. రెండు చేతుల వేళ్లూ వంకరపోయి బిగుసుకున్న ఆ దృశ్యం టీవీలో చూసినవాళ్లు మరిచిపోలేరు. అదే ఏడాది డిసెంబర్‌లో మరోసారి, 2024 సెప్టెంబర్ 12న ఇంకోసారి తలకు దెబ్బ. ఆట మానేయమని మాజీ ఆటగాళ్లు టీవీల్లోనే చెప్పారు. వెళ్లాలా ఉండాలా అన్న పాత ప్రశ్నే తిరగబడి మళ్లీ అతని ముందుకు వచ్చింది. తుంటికైతే మూడు నెలలకో ఆరు నెలలకో ఎంఆర్ఐ ఒక బొమ్మ చూపించేది. పదే పదే తగిలిన దెబ్బలతో మెదడు లోపల్లోపల క్షీణించే జబ్బు, సీటీఈ అంటారు, అది ఉందో లేదో బతికున్న మనిషిలో ఖాయంగా తేల్చే పరీక్ష ఇప్పటికీ లేదు. చనిపోయాక మెదడు కోసి చూస్తేనే తెలుస్తుంది. 2024 అక్టోబర్ 27న అతను మళ్లీ మైదానంలోకి దిగాడు.