గాలి మోసే కారు

స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లు ఇంజిను గురించి, బ్రేకుల గురించి ఎంతసేపైనా మాట్లాడతారు. అయితే ఇంజిను బలమైనా, బ్రేకుల పట్టయినా, స్టీరింగు తిప్పిన ఫలితమైనా రోడ్డును చేరాల్సింది టైర్ల ద్వారానే. వెయ్యి కిలోల కారులో ఒక్కో చక్రం మీద దాదాపు 250 కిలోల బరువు పడుతుంది. టైరులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 2 కిలోలైతే, రోడ్డును తాకే రబ్బరు సుమారు 125 చదరపు సెంటీమీటర్లు. వేళ్లతో సహా అరచెయ్యి పరిస్తే ఎంతో అంత! టైర్లు మార్చేటప్పుడు ఆ కాస్త రబ్బరు ఎలా ప్రవర్తించాలో మనం తేల్చుకుంటున్నాం. గతుకుల్లో మెత్తగా ఉండాలా, మలుపుల్లో బిగువుగా నిలబడాలా? దాదాపు 180 ఏళ్లుగా టైరును తీర్చిదిద్దినవాళ్లంతా ఈ రెండింటినీ కలపాలనే తపించారు.

రెండుసార్లు పుట్టిన టైరు

1845లో స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ అనే 23 ఏళ్ల ఇంజినీరు గాలి చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. లోపల రబ్బరు పట్టించిన గుడ్డ గొట్టం, పైన తోలు తొడుగు. 1847లో లండన్‌లోని రీజెంట్స్ పార్కులో గుర్రపు బండికి అమర్చి నడిపించాడు. బండి చప్పుడు లేకుండా, తేలిగ్గా సాగింది. అయితే మోటారు కారు ఇంకా పుట్టలేదు. గుర్రపు బండికి అంత ఖరీదైన చక్రం ఎవరికీ అవసరమనిపించలేదు. ఆ పేటెంటు మరుగున పడింది.

1887లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరు తయారుచేసి, మరుసటి ఏడాది పేటెంటు పొందాడు. 1889లో విలియం హ్యూమ్ అనే సైక్లిస్టు ఆ టైర్లతో సైకిలు పందేలు గెలిచాడు. థామ్సన్ పాత పేటెంటు బయటపడడంతో డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది. టైరు మాత్రం ఈసారి నిలిచింది.

సుఖం కోసం పుట్టిన టైరు పందేలు ఎలా గెలిచింది? గట్టి చక్రం ప్రతి రాయినీ ఎక్కి దిగుతూ, ముందుకు వెళ్లాల్సిన శక్తిలో కొంత బండిని పైకెత్తడానికే ఖర్చు చేస్తుంది. గాలి టైరు ఆ రాయి దగ్గర మాత్రమే లోపలికి నొక్కుకుని ముందుకు సాగిపోతుంది. 1895లో మిషెలిన్ సోదరులు ఆంద్రే, ఎద్వార్ గాలి టైర్ల కారుతో పారిస్-బోర్దో-పారిస్ పందెంలో దిగారు. మళ్లీ మళ్లీ పంక్చర్లయ్యాయి, గెలుపు దక్కలేదు. అయినా కారును గాలి మోయగలదని లోకం చూసింది.

రేడియల్ తెచ్చిన మార్పు

రేడియల్ రాకముందు టైర్లలో దారపు పొరలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా అడ్డంగా పరిచి ఉండేవి. చక్రం తిరుగుతుంటే ఆ పొరలు ఒరుసుకుని వేడెక్కేవి. పక్కగోడ వంగినప్పుడల్లా నేలను తాకే ట్రెడ్ కూడా నలిగేది. మలుపులో పట్టు సడలేది.

మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంటు చేసి, 1949లో మార్కెట్లోకి తెచ్చిన రేడియల్ టైరు పక్కగోడ పనినీ ట్రెడ్ పనినీ విడదీసింది. దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు నేరుగా వెళ్తాయి కాబట్టి పక్కగోడ హాయిగా వంగుతుంది. ట్రెడ్ కింద ఉక్కు తీగల పట్టీ ఉంటుంది కాబట్టి నేలను తాకే భాగం చదునుగా నిలుస్తుంది. సుఖం పక్కగోడ చూసుకుంటే, పట్టు ట్రెడ్ చూసుకుంటుంది. అయితే ఉక్కు పట్టీ వల్ల తక్కువ వేగంలో చిన్న గతుకులు గట్టిగా తగిలాయి. దాంతో సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లను కార్ల కంపెనీలు కొత్తగా రూపొందించాల్సి వచ్చింది. టైరూ సస్పెన్షనూ జంటగా పనిచేస్తాయని అప్పుడే స్పష్టమైంది.

1970లలో పిరెల్లీ పీ7 వంటి టైర్లతో పక్కగోడ పొట్టిదైంది, ట్రెడ్ వెడల్పైంది. స్టీరింగు తిప్పగానే కారు స్పందించసాగింది. 1990లలో మిషెలిన్ ట్రెడ్ రబ్బరులో సిలికా వాడకాన్ని విస్తరించింది. రోడ్డు గరుకు మీద జారేటప్పుడు రబ్బరు అతి వేగంగా కంపిస్తూ శక్తిని మింగుతుంది. పట్టు అంటే చాలావరకు అదే. చక్రం మామూలుగా దొర్లేటప్పుడు అదే రబ్బరు నెమ్మదిగా నలుగుతుంది. ఇక్కడ మింగే శక్తి ఇంధన నష్టం. సిలికా మొదటిది నిలుపుతూ రెండోది తగ్గించింది.

ఏది ఎంచుకోవాలి?

1989లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5 సంగతి చూద్దాం. దానికి 185/60ఆర్14 టైర్లు ఇచ్చారు. వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 111 మిల్లీమీటర్లు. రిమ్ము 14 అంగుళాలు. ఇప్పుడు ఆ సైజులో మంచి స్పోర్ట్స్ టైర్లు తక్కువ కాబట్టి చాలామంది 195/50ఆర్15కు మారతారు. చక్రం మొత్తం వ్యాసంలో తేడా 1.6 మిల్లీమీటర్లే. స్పీడోమీటరు చూపే లెక్క దాదాపు మారదు. పక్కగోడ మాత్రం 13.5 మిల్లీమీటర్లు తగ్గుతుంది. స్టీరింగు చురుకవుతుంది, గతుకు కాస్త ఎక్కువ తెలుస్తుంది. కొత్త రిమ్ము తేలికైనదైతే ఆ నష్టం కొంత పూడుతుంది. ఇంకా వెడల్పుకు వెళ్తే లాభం తగ్గుతూ వస్తుంది. గాలి పీడనం మారకపోతే నేలను తాకే వైశాల్యం పెద్దగా పెరగదు, దాని ఆకారం మారుతుందంతే. నిలిచిన వాన నీటిలో వెడల్పు టైరు త్వరగా తేలిపోయే ప్రమాదమూ ఉంది.

పట్టు ఎక్కువైతే ఆనందమూ ఎక్కువేనని అనుకోకూడదు. 2012లో టొయోటా 86 కారుకు ఇంజినీర్లు కావాలనే మామూలు టైర్లు ఎంచారు. తక్కువ వేగంలోనే కారు కదలికలు డ్రైవరుకు తెలియాలన్నది వాళ్ల ఉద్దేశం.

కొనేముందు కొన్ని చూడాలి. స్పోర్ట్స్ కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి ట్రెడ్ ఉండగానే రబ్బరు గట్టిపడుతుంది. అందుకే తయారీ తేదీ చూడండి. పక్కగోడ మీద 2319 అని ముగిసే కోడ్ ఉంటే, అది 2019లో 23వ వారం తయారైనది. అరుగుదలను సూచించే ట్రెడ్‌వేర్ అంకె తగ్గేకొద్దీ రబ్బరు సాధారణంగా త్వరగా అరుగుతుంది, పట్టు ఎక్కువ. అయితే ఆ అంకె వేసుకునేది కంపెనీలే కాబట్టి ఒకే కంపెనీ టైర్ల మధ్యే పోల్చాలి. రన్‌ఫ్లాట్ టైరు పంక్చరైనా కొంత దూరం నడుస్తుంది, కానీ దాని గట్టి పక్కగోడ ప్రయాణాన్ని బిరుసుగా మారుస్తుంది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే వేసవి టైరు పట్టు తగ్గుతుంది.

కారు తయారీదారు చెప్పిన సైజుతో, గాలి పీడనంతో మొదలుపెట్టండి. ఒకే యాక్సిల్‌కు రెండు రకాల టైర్లు వేయకండి, వీలైతే నాలుగూ ఒకేసారి మార్చండి. రెండే కొనగలిగితే కొత్తవి వెనక్కి వేయించండి, తడి రోడ్డు మీద కారు వెనక భాగం జారకుండా అవి కాపాడతాయి. షాపులో ఉన్నవాటిలో అన్నిటికంటే వెడల్పైన టైరు కోసం వెతకొద్దు. మీరు రోజూ తిరిగే రోడ్డుకూ మీ కారు సస్పెన్షన్‌కూ కుదిరేదే మీకు మంచి టైరు.