దువాతో పాటు దవా

మా ఆయన పోయాక 4 నెలల 10 రోజులు ఇద్దత్‌లో, అంటే భర్త పోయిన స్త్రీ పాటించే గడువులో ఉన్నాను. గడువు తీరింది గానీ దుఃఖం తీరలేదు. అరకులోని మా ఇంట్లో కుట్టుమిషన్ మీద దుమ్ము పేరుకుంది. తెల్లవారుజామున ఫజ్ర్ నమాజుకు లేద్దామంటే ఒళ్లు కదిలేది కాదు. ‘దేవుడి మీద ఈమాన్ తగ్గింది, అందుకే ఇలా’ అన్నారు చుట్టాలు. నేనూ అదే నమ్మాను. నమాజు తప్పిన ప్రతిపూటా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఒకరోజు పక్కింటి కొండదొర ఆమె నిలదీసింది. “పిల్లోడికి జ్వరమొస్తే పూజలు చేసే దిసారి దగ్గరికీ వెళ్తాం, పీహెచ్‌సీకీ వెళ్తాం. నువ్వు దువా ఒక్కటే పట్టుకు కూకున్నావేటి వదినా?”

ఘాట్ రోడ్డు దిగి విశాఖ వెళ్లాను. డాక్టరుగారు మందు రాసి, కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ఆవిడ నా తస్బీహ్‌ను పక్కన పెట్టమనలేదు. “అమ్మా, రోజుకు ఐదు వేళలు మీకు ముందే ఉన్నాయి. ఒక్కో నమాజుకు ఒక్కో చిన్న పని జత చేసుకోండి” అన్నారు. ఫజ్ర్ తర్వాత పది నిమిషాల నడక. జొహర్ తర్వాత ఒక్క జాకెట్టు. ఇషా తర్వాత మెల్లగా ఊపిరి వదులుతూ జిక్ర్, అంటే దైవస్మరణ. మనసు కుదుటపడ్డాక పని చేద్దామని కూర్చుంటే అది ఇంకా కుంగుతుంది. చిన్న పని మొదలుపెడితే మనసు దాని వెనకే వస్తుంది. బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చిన్న పనులతో మనసును లేపే ఈ చికిత్సనే ముస్లింల విశ్వాసాలకు తగినట్టు మలిచారు.

విశ్వాసంతో పాటు వైద్యం అనేది ఇవాళ్టి ఆలోచన కాదు. 9వ శతాబ్దంలో పుట్టిన అబూ జైద్ అల్ బల్ఖీ ఒంటికీ మనసుకూ కలిపి వైద్య గ్రంథం రాశాడు. కారణం తెలిసిన దుఃఖాన్నీ, తెలియని దుఃఖాన్నీ వేరుచేసి చూశాడు. మన కాలంలో గుజరాత్‌లో ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో దర్గా సేవకులైన ముజావర్లే రోగులను మనోవైద్యుల దగ్గరికి పంపేలా ‘దవా-దువా’ (మందు-ప్రార్థన) కార్యక్రమం మొదలైంది. వైద్యాన్ని దూరం పెడితే ఏమవుతుందో 2001లో తమిళనాడులోని ఏర్వాడి చూపించింది. దర్గా ఊరిలోని ఒక ఆశ్రయంలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు.

ఇప్పుడు నా మిషన్ మళ్లీ తిరుగుతోంది. శుక్రవారం సంతకు దిగినవాళ్లు జాకెట్లు ఇచ్చి వెళ్తారు. ‘నిద్ర పట్టట్లేదమ్మా’ అని ఎవరైనా అంటే కొలతల కాగితం వెనక 14416 అని రాసిస్తాను. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు. కాగితం చేతికిచ్చేటప్పుడు పేరు కూడా అడుగుతాను. అస్ర్ నమాజు తర్వాత దువాలో తలుచుకోవడానికి.