వాద్యత్రయము – ప్లేటున కెక్కని వనితలు

కచేరీ యనగానే మనకు తోచునది గాత్రము. నడుమ పాడువారు, ఇరుప్రక్కల వయొలినును మృదంగమును. ద్వారం వేంకటస్వామినాయుడుగారివంటి విద్వాంసుడు వయొలినునే ముందునకు తెచ్చి వాయించినను, మనము ఆ కృతిలోని మాటలను లోలోపల పలుకుకొనుచునే విందుము. ఐరోపాఖండమున మాటలతో నిమిత్తము లేక, మూడు వాద్యములు ఒకచోట చేరి సంభాషించు సంప్రదాయ మొకటి కలదు. ఆ మూడును పియానో, వయొలిను, సెల్లో. సెల్లో వయొలినుకంటె మిక్కిలి పెద్దది; మోకాళ్ల నడుమ నిలిపి కమానుతో వాయింతురు; దాని పలుకు గంభీరమైన పురుషకంఠమువలె నుండును. ఈ మేళమునకే పియానో త్రయమని పేరు.

పియానోలో మెట్టు నొక్కగానే లోపల చిన్న సుత్తి తీగను కొట్టును. పుట్టిన క్షణము మొదలు ఆ ధ్వని తఱుగుచునే యుండును. వీణతీగవలె లాగి గమకము పలికింప వీలులేదు. కమాను వాద్యములు రెండును స్వరమును నిలిపి, పెంచి, తగ్గింపగలవు. ఆఱిపోవు ధ్వనికిని నిలుచు ధ్వనికిని పొత్తు కుదుర్చుటయే ఇందలి కష్టము. ఇందలి సొగసును అదియే.

ఇది మొదట సభలలో పుట్టినది కాదు, ఇండ్లలో పుట్టినది. పదునెనిమిదవ శతాబ్దిలో అచ్చటి కలవారి యిండ్ల కన్యలు పియానో నేర్చుట మర్యాద. వయొలినును సెల్లోను స్త్రీలకు తగవని తలచి పురుషులకు విడిచిరి. కావున త్రయమునందు నడుమ కూర్చుండునది తఱచుగా ఆ యింటి యాడుపడుచు. హైడన్ అను ఆస్ట్రియా దేశపు విద్వాంసుడు వ్రాసిన త్రయములలో సెల్లో పెక్కుచోట్ల పియానో యెడమచేతి స్వరములనే యనుసరించుచుండును. పెత్తన మంతయు పియానోదే. అతడు లండనులో నున్నప్పుడు రెబెక్కా ష్రోటర్ అను వితంతువు అతనియొద్ద సంగీతము నేర్చెను. ఆమె వ్రాసిన ప్రేమలేఖలను అతడు తన పుస్తకములో స్వహస్తముతో ఎత్తి వ్రాసికొనెను! 1795లో అచ్చయిన మూడు త్రయముల నామెకే యంకితమిచ్చెను. వానిలో నొకదాని చివరిభాగము సంచారజాతుల యాటపాటల ధోరణిలో పరుగెత్తుచు నేటికిని జనప్రియమై యున్నది.

ఇక ప్లేట్ల సంగతి. 1925కు ముందు గ్రామఫోను ప్లేటు చేయుటకు వాయించువారందఱు ఒక పెద్ద బాకా యెదుట క్రిక్కిఱిసి కూర్చుండవలసి వచ్చెడిది. మెల్లని పలుకులు బాకాలోనికి ఎక్కెడివి కావు. ఆ యేట మైక్రోఫోను వాడుకలోనికి రాగా, మూడు వాద్యములను మూడుగా వినిపించుట సాధ్యమయ్యెను. కోర్తో పియానో, తిబో వయొలిను, కసాల్స్ సెల్లో: ఈ మువ్వురును 1905 నుండి పారిసులో కలసి వాయించుచుండిరి. ఇరువదియేండ్లు కలసి వాయించిన పిమ్మట, 1926 జూలైలో, లండనులో షూబర్ట్ బి-ఫ్లాట్ త్రయమును తమ తొలి త్రయముగా ప్లేట్లకెక్కించిరి. ప్లేటు ఒక్కొక్క ప్రక్కన నాలుగైదు నిమిషములకు మించి పట్టదు. అరగంట సంగీతమును తునుకలుగా కోయవలెను. వినువారు మాటిమాటికి లేచి ప్లేటు త్రిప్పవలెను. అయినను దాని రెండవభాగమున సెల్లో మొదట పాటనెత్తి, వయొలినునకందించుట విన్నచో, పాతప్లేటు చిటపటలు చెవికి తగులవు. షూబర్ట్ ముప్పదియొకటవ యేటనే, 1828లో, కాలము చేసెను.

మఱుసటియేట, అనగా 1927లో, ఆ మువ్వురును రెబెక్కాకు అంకితమైన హైడన్ త్రయమును, మెండెల్సన్ డి-మైనర్ త్రయమును ప్లేట్లు చేసిరి. 1928లో షూమాన్ డి-మైనర్ త్రయమును చేసిరి. ఈ తుదిరెండు పేళ్లయొద్ద నేను ఆగవలసి వచ్చినది.

మెండెల్సనుకు ఫానీ అను నక్క గలదు. ఇరువురకును ఒకే శిక్షణ. కాని ఆమెకు పదునాలుగు పదునైదేండ్ల ప్రాయమున, 1820లో, తండ్రి యొక జాబు వ్రాసెను: తమ్మునికి సంగీతము వృత్తి కావచ్చును గాని, ఆమెకది అలంకారముగా మాత్రమే యుండవలెనని దాని సారాంశము. మా అనంతసాగరమువంటి యూళ్లలోను ఇది క్రొత్త మాట కాదు. పెండ్లిచూపులనాడు పిల్లచేత వీణ వాయింపజేయుదురు; పెండ్లియైన పిదప ఆ వీణకు గుడ్డ కప్పుదురు. ఫానీ మాత్రము గుడ్డ కప్పనీయలేదు. బెర్లినులోని తన యింట ఆదివారపు గోష్ఠులు జరిపెను. 1847 ఏప్రిలులో చెల్లెలి పుట్టినరోజునకు కానుకగా డి-మైనర్ త్రయము నొకటి కూర్చెను. తమ్ముని త్రయముదియు అదే శ్రుతి. మేనెలలో ఆమె హఠాత్తుగా మరణించెను. ఆ త్రయము 1850లో గాని అచ్చుకాలేదు.

షూమాన్ భార్య క్లారా ఐరోపాయందంతట పేరుగన్న పియానో విదుషి. నలుగురు బిడ్డల తల్లియై, 1846లో, భర్త తన తొలి త్రయము వ్రాయుటకు ముందే, తానొక జి-మైనర్ త్రయము వ్రాసెను. మఱుసటియేట భర్త త్రయమును విని, తనది స్త్రీసహజమైన బేలతనముతో నున్నదని తన్ను తానే తక్కువ చేసికొనెను. ఈ మాట నాకు ఫానీ తండ్రి జాబుకంటె ఎక్కువ నొప్పి కలిగించినది. ఆ జాబు పైనుండి వచ్చినది. ఈ మాట లోపలనుండి వచ్చినది.

తమ్ముని త్రయము 1927లోను, భర్త త్రయము 1928లోను ప్లేట్లకెక్కినవి. అక్కదియు భార్యదియు ఎక్కుటకు మఱికొన్ని దశాబ్దములు పట్టెను. ఇందు వాయించిన మువ్వురి తప్పు నాకు కనబడదు. పెద్దలు పొగడినదియు, అచ్చుప్రతి సులభముగా దొరకినదియు వారు వాయించిరి. ఎవరును వాయింపనిదానికి అచ్చుప్రతి కఱవు. అచ్చుప్రతి లేనిదానిని ఎవరు వాయింతురు?

నేడు ఈ నాలుగును చేతిలోని ఫోనులోనే వినవచ్చును. లేచి ప్లేటు త్రిప్పనక్కఱలేదు. మధ్యాహ్నము వంటపని ముగిసినపిదప మొదట మెండెల్సన్ త్రయమును విని, వెంటనే ఫానీదానిని వినుడు. అందు మూడవభాగమునకు ఆమె పెట్టిన పేరు "పాట", చాల చిన్నది. దాని తరువాతి భాగమున వయొలినును సెల్లోను ఊరకుండగా, పియానో యొక్కతియే, ఆలాపనవలె, చాలసేపు తన మాట తాను చెప్పుకొనును.