సున్నపురాతి ధూళిలోని క్వార్ట్జ్ రేణువు: విద్యుత్ రహిత నికెల్-బోరాన్ పూతల కాఠిన్యత, పరిమితులు

జగ్గయ్యపేటలోని బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించాడు. అక్కడ లభించిన మాంధాత చక్రవర్తి శిల్పఫలకం సున్నపురాతిపై చెక్కినదే. ఉలికి సులువుగా లొంగే గుణం శిల్పికి కలిసివచ్చింది. నేడు ఈ మెట్ట ప్రాంతపు సున్నపురాయి జయంతీపురం, ముక్త్యాల సిమెంటు కర్మాగారాలకు ముడిపదార్థం. ఇంత మెత్తని రాయి ఉక్కు యంత్రభాగాలను ఎలా అరగదీస్తుంది? ఈ ప్రశ్న ఆధారంగా నికెల్-బోరాన్ పూతల గుణధర్మాలను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

సున్నపురాతిలోని ప్రధాన ఖనిజమైన కాల్సైట్ కాఠిన్యత మోహ్స్ మానంలో 3 మాత్రమే. అరుగుదలకు అసలు కారణం దానితో కలిసివచ్చే క్వార్ట్జ్. మోహ్స్ మానంలో దాని విలువ 7. విక్కర్స్ మానంలో సుమారు 1100. నందిగామ పరిసరాల పత్తితో పాటు జిన్నింగు మిల్లుకు చేరే మట్టిధూళిలోనూ ఉండేది ఇదే ఖనిజం. ఉపరితల కాఠిన్యత రేణువు కాఠిన్యతలో దాదాపు 0.8 వంతును దాటినప్పుడు అరుగుదల వేగంగా తగ్గుతుందని ఘర్షణశాస్త్రం చెబుతుంది. అంటే క్వార్ట్జ్‌ను తట్టుకోవడానికి దాదాపు 900 విక్కర్స్ అవసరం.

విద్యుత్ ప్రవాహం లేకుండా, కేవలం రసాయన క్షయకరణంతో నికెల్ పూత వేసే విధానాన్ని 1946లో అబ్నర్ బ్రెనర్, గ్రేస్ రిడెల్ వెల్లడించారు. వారు వాడిన హైపోఫాస్ఫైట్ వల్ల పూతలో ఫాస్ఫరస్ చేరుతుంది. దాని స్థానంలో సోడియం బోరోహైడ్రైడ్ లేదా డైమిథైల్ అమీన్ బోరేన్ వాడితే బోరాన్ చేరుతుంది. ఒక బోరోహైడ్రైడ్ అయాన్ సిద్ధాంతరీత్యా ఎనిమిది ఎలక్ట్రాన్లను ఇచ్చి నాలుగు నికెల్ అయాన్లను క్షయకరించగలదు. ఆచరణలో కొంత భాగం హైడ్రోజన్‌గా వృథా అవుతుంది. ద్రావణం పీహెచ్ 12 కంటే తగ్గితే బోరోహైడ్రైడ్ త్వరగా విచ్ఛిన్నమై, నికెల్ బోరైడ్ పొడిగా అవక్షేపిస్తుంది, ద్రావణమంతా పాడవుతుంది. అందుకే 90 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడిలో తీవ్ర క్షారతను నిలబెట్టాలి. ఈ శ్రమకు ప్రతిఫలం ఉంది. విద్యుత్ పూత అంచుల వద్ద దళసరిగా, లోపలి మూలల్లో పలుచగా పేరుకుంటుంది. ఈ పూత ద్రావణం తగిలిన ప్రతిచోటా దాదాపు సమమందంతో ఏర్పడుతుంది.

ఏర్పడిన స్థితిలో బోరోహైడ్రైడ్ పూత కాఠిన్యత సాధారణంగా 650-750 విక్కర్స్. పైన చెప్పిన హద్దుకు ఇది చాలదు. 350-400 డిగ్రీల వద్ద సుమారు గంటసేపు ఉష్ణోపచారం చేస్తే అస్ఫటిక నిర్మాణం నుండి నికెల్ బోరైడ్ స్ఫటికాలు వెలువడి కాఠిన్యత 1100-1200కు చేరుతుంది. హద్దు దాటించేది ఉష్ణోపచారమే. వేడి మరీ పెరిగితే స్ఫటికాలు ముతకబారి కాఠిన్యత తిరిగి తగ్గుతుంది. ఈ పూతల తయారీ, కాఠిన్యత, అరుగుదల నిరోధంపై కృష్ణవేణి, శంకరనారాయణన్, శేషాద్రి 2005లో ప్రచురించిన అధ్యయనం మన పరిశోధకులకు మంచి ప్రవేశిక.

అయితే కాఠిన్యత సంఖ్యను చూసి మోసపోరాదు. పూత మందం తరచుగా 20-25 మైక్రాన్లే. మిల్లీమీటర్ల లెక్కన లోహం కోల్పోయే క్రషర్ సుత్తులకు, మిల్లు రోలర్లకు ఇది వ్యర్థం. అక్కడ అధిక క్రోమియం పోత ఇనుము, వెల్డింగు పొరలే శరణ్యం. నూనె ఉన్నచోట జారే భాగాలు, వాల్వు స్పూళ్లు, చిన్న పళ్లచక్రాలు దీనికి తగిన స్థానాలు. కాలీఫ్లవర్‌ను పోలిన ఉపరితలపు గుంతల్లో నూనె నిలిచి ఘర్షణ తగ్గుతుంది. ఆధారలోహం మెత్తనిదైతే బరువు కింద పూత గుడ్డుపెంకులా పగులుతుంది. 200 డిగ్రీల లోపే టెంపరింగ్ చేసిన బేరింగు ఉక్కును 400 డిగ్రీలకు వేడిచేస్తే పూత గట్టిపడి ఉక్కు మెత్తబడుతుంది. మన కళాశాల ప్రయోగశాలల్లో ఎక్కువగా విస్మరించేది ఈ అంశాన్నేనని నా అభిప్రాయం. తుప్పు నిరోధంలో అధిక ఫాస్ఫరస్ గల నికెల్ పూతే మేలు. నికెల్-బోరాన్‌లోని నిలువు స్తంభాల వంటి నిర్మాణపు సందులు తేమకు దారి ఇస్తాయి. అడుగున ఫాస్ఫరస్ పూత, పైన బోరాన్ పూత వేయడం ఇందుకు పరిష్కారం.

షట్సంయోజక క్రోమియం విషపూరితం కాబట్టి గట్టి క్రోమియం పూతకు దీన్ని ప్రత్యామ్నాయంగా సూచిస్తున్నారు. కానీ బోరోహైడ్రైడ్ ద్రావణాన్ని నిలకడగా ఉంచడానికి సంప్రదాయంగా వాడేవి థాలియం, సీసం లవణాలు, అవీ విషాలే. వాడిన ద్రావణంలో నికెల్ కూడా మిగులుతుంది. వ్యర్థజలశుద్ధి లేని చిన్న షెడ్డులో ఈ పని మొదలుపెడితే ఆ లోహాలు మురుగు కాలువల ద్వారా మున్నేటికి, అక్కడినుండి కృష్ణకు చేరగలవు. కనుక ఈ ప్రాంతంలో పరిశోధన చేపట్టేవారు మరో వంద విక్కర్స్ కోసం ప్రయత్నించే ముందు, థాలియం, సీసం లేని స్థిరీకరణితో ద్రావణం ఎన్ని గంటలు నిలుస్తుందో, క్వార్ట్జ్ కలిసిన స్థానిక ధూళిలో ఆ పూత ఎంత అరుగుతుందో కొలవడం అవసరం.