అడవిలో పులుల లెక్క

కొట్టంలో గేదెలు ఎన్ని? చూడగానే చెప్పొచ్చు. మందలో గొర్రెలు ఎన్ని? సాయంత్రం దొడ్లోకి తోలేటప్పుడు లెక్క చూసుకోవచ్చు. మరి అడవిలో పులులు ఎన్ని? అవి ఎక్కువగా రాత్రిపూట తిరుగుతాయి. మనిషి అలికిడి వింటే తప్పుకుంటాయి. వాటిని లెక్కపెట్టేది ఎట్లా?

మన దేశంలో పులులు తగ్గిపోతున్నాయని 1973లో ప్రభుత్వం ప్రాజెక్ట్ టైగర్ అనే పథకం పెట్టింది. అప్పట్లో అడుగుజాడలను బట్టి లెక్క వేసేవారు. మట్టిలో పడిన పులి అడుగు మీద గాజు పలక పెట్టి, దాని ఆకారం గీసుకునేవారు. ఇది ఒక పులిది, అది ఇంకో పులిది అని తేల్చేవారు. కానీ ఒకే పులి అడుగు బురదలో ఒక రకంగా పడుతుంది. గట్టి నేల మీద ఇంకో రకంగా పడుతుంది. అందుకని ఒక్క పులే రెండు పులులుగా లెక్కలోకి ఎక్కే వీలుంది.

తప్పు లెక్క వల్ల నష్టమేమిటి? రాజస్థాన్‌లో సరిస్కా అనే అడవి ఉంది. అక్కడ పులులున్నాయని కాగితాల మీద రాసి ఉంది. 2005లో వెతికితే ఒక్కటి కూడా లేదు! దొంగచాటుగా వేటాడి చంపేశారు. చివరికి 2008లో రణథంబోర్ అడవి నుంచి పులిని హెలికాప్టర్‌లో తెచ్చి వదలాల్సి వచ్చింది.

ఇప్పుడు కెమెరాలతో లెక్క వేస్తున్నారు. సంతకం రానివాళ్ళ చేత వేలిముద్ర ఎందుకు వేయిస్తారు? ఒకరి ముద్ర ఇంకొకరికి ఉండదు కాబట్టి. పులి ఒంటి మీద చారలు కూడా అంతే. పులి నడిచే దారికి అటొకటి, ఇటొకటి కెమెరాలు కడతారు. పులి రాగానే వాటంతట అవే ఫోటో తీస్తాయి. రెండెందుకంటే, పులికి కుడి పక్క చారలు వేరు, ఎడమ పక్క చారలు వేరు.

మరి ఏ కెమెరాకీ చిక్కని పులుల సంగతేమిటి? దానికో ఉపాయం ఉంది. చింతపిక్కలతో ఇంట్లోనే చేసి చూడండి.

గిన్నె నిండా పిక్కలు పోయండి. 20 పిక్కలు తీసి సున్నం బొట్టు పెట్టండి. ఆరాక మళ్ళీ గిన్నెలో వేసి బాగా కలపండి. ఇప్పుడు చూడకుండా 20 తీయండి. వాటిలో 5 పిక్కలకు బొట్టు ఉందనుకుందాం. అంటే నాలుగింట ఒకదానికి ఉంది. గిన్నెలో కూడా దాదాపు నాలుగింట ఒకదానికే బొట్టు ఉండాలి. బొట్టు పెట్టినవి 20. కాబట్టి గిన్నెలో సుమారు 80 ఉంటాయి. అన్నీ పోసి లెక్కపెట్టి చూసుకోండి. కొంత తేడా వస్తుంది. నాలుగైదు సార్లు తీసి చూస్తే తేడా తగ్గుతుంది.

పులికి బొట్టు పెట్టే పని లేదు. చారలే బొట్టు. మొదట ఫోటోలో పడిన పులుల్లో ఎన్ని మళ్ళీ పడ్డాయో చూసి, మొత్తం అంచనా వేస్తారు. ఇట్లా 2006లో దేశంలో 1,411 పులులున్నాయని తేలింది. 2022లో 3,682 అని తేలింది.

పులికి ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువులు ఆహారంగా కావాలి. అందుకని జింకలను, దుప్పులను కూడా లెక్కిస్తారు. అవి లేని అడవిలో పులి నిలవదు.

మన నల్లమలలోనూ కెమెరాలు పెడుతున్నారు. అక్కడ చెంచులు అడవి కాపలా పని చేస్తున్నారు. పులి ఏ దారిన పోతుందో, చెట్టు మీది గోటి గీత కొత్తదో పాతదో వాళ్ళు చెప్పగలరు. అట్లాంటి జాడలున్న చోటే కెమెరా కడతారు.