సముద్రపు పల్లేరు: ముళ్ళ నత్తగుల్ల గురించి అపోహలు – వాస్తవాలు

కళింగపట్నం, భావనపాడు, బారువ, ఇటు విజయనగరం వైపు కోనాడ, చింతపల్లి. ఏ ఒడ్డుకైనా పొద్దున్నే వెళ్తే, ఇసుక మీద పీత వలలు పరుచుకుని కూర్చున్నవాళ్ళు కనిపిస్తారు. ఒక్కో పీతనూ విడదీస్తూ పోయే చేయి ఒక గుల్ల దగ్గర ఆగిపోతుంది. ఉబ్బెత్తు పొట్ట, పొడవాటి తోక, చుట్టూ మూడు వరుసల్లో సూదుల్లాంటి ముళ్ళు, ఒక్కో ముల్లుకూ చిక్కుకున్న పోగులు. వల తెంపుకోవాలా, గుల్ల పగలగొట్టాలా? ఎక్కువసార్లు గుల్లే పగులుతుంది.

ఈ నత్తల ప్రజాతి పేరు మ్యూరెక్స్. మన తూర్పు తీరంలో వలలకు చిక్కేవాటిలో మ్యూరెక్స్ ట్రాపా, మ్యూరెక్స్ ట్రిబ్యులస్ ఉన్నాయి. రెండోదానికి ఆ పేరు 1758లో లిన్నేయస్ అనే శాస్త్రవేత్త పెట్టాడు. అంతకు ఐదేళ్ళ ముందు, 1753లో, మన పల్లేరు మొక్కకు ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్ అని పేరు పెట్టిందీ ఆయనే. చేలగట్టు మీద పల్లేరుకాయ తొక్కినవాళ్ళకి ఆ పోలిక విడమర్చి చెప్పనక్కర్లేదు. అందుకే నేను దీన్ని సముద్రపు పల్లేరు అంటాను.

అపోహ: ఆ ముళ్ళలో విషం ఉంటుంది.

అన్నిటికన్నా గట్టిగా నాటుకున్న నమ్మకం ఇదే. ముల్లు గుచ్చుకుంటే సలుపుతుంది, వాస్తుంది, ఒక్కోసారి చీము పడుతుంది. దాంతో విషమే అనుకుంటారు. కానీ ఈ ముల్లు వట్టి సున్నపురాయి. దానికి విషపు తిత్తీ లేదు, విషం పారే గొట్టమూ లేదు. పరీక్షగా చూస్తే ముల్లు పొడవునా ఒక సన్నని గాడి కనిపిస్తుంది. నత్త ఒంటిని కప్పి ఉండే మెత్తటి పొర అంచు ముడుచుకుని, తన చుట్టూ సున్నం పేర్చుకుంటూ పోయిన జాడ అది. కొన్ని మ్యూరెక్స్ నత్తల ఒంట్లో కండరాలను చచ్చుపరిచే పదార్థం ఉన్నమాట నిజమే. అది లోపలి గ్రంథిలో ఉంటుంది, ముల్లులోకి రాదు. పుండు ముదరడానికి కారణం లోపల విరిగి మిగిలిన మొన, గాయంలో చేరిన బురద, సూక్ష్మజీవులు. మొన తీయించుకుని, మంచినీళ్ళతో శుభ్రంగా కడిగి, టెటనస్ సూది వేయించుకోవాలి. పసరు కట్టి ఊరుకుంటే లాభం లేదు.

నిజంగా భయపడాల్సిన నత్త వేరే ఉంది. శంకువు ఆకారంలో, నున్నగా, అందమైన గీతలతో ఉండే కోన్ నత్త అది. ఈటె లాంటి పంటితో పొడిచి విషం ఎక్కిస్తుంది. దాని జాతుల్లో కొన్ని మనుషుల ప్రాణాలు తీశాయి. ముళ్ళున్నదాన్ని చూసి దూరం జరిగి, నున్నగా ఉన్నదాన్ని పిల్లల చేతికిచ్చేవాళ్ళను తలచుకుంటే నాకు గుండె దడ పుడుతుంది.

అపోహ: అది చేప ఎముకో, దవడో అయి ఉంటుంది.

మ్యూరెక్స్ పెక్టెన్ అనే దగ్గరి బంధువుకి నూటికి పైగా ముళ్ళుంటాయి. పాశ్చాత్యులు దాన్ని వీనస్ దేవత దువ్వెన అంటారు. మాంసం ఊడిన చేప వెన్నుముల్లులా ఉంటుంది కాబట్టి చూసినవాళ్ళు పొరబడటంలో వింత లేదు. చేప నిజంగా దువ్వెన అయింది మన శ్రీకాకుళం జిల్లాలోనే! పొందూరులో ఖద్దరు వడికేవాళ్ళు వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతారు. అది పన్నూ ఎముకా ఉన్న దవడ. మ్యూరెక్స్ ముల్లు మాత్రం గుల్లలో భాగమే. గుల్ల సున్నం కాల్చేవాళ్ళు బట్టీకి ఎత్తేది ఏ పదార్థాన్నో, ఇదీ ఆ పదార్థమే: కాల్షియం కార్బొనేట్. అందుకే మెరుపు కోసం ఆసిడ్‌లో వేస్తే నురగలు కక్కుతూ కరిగిపోతుంది. ముందు పోయేవి ఆ మొనలే.

అపోహ: పొడవాటిది తోక, మెలిక తిరిగినది తల.

ఇది తలకిందుల లెక్క. మనం తోక అనుకునేదే ముందువైపు. అది ఒక కాలువ. అందులోంచి నత్త గొట్టంలాంటి తన కండను చాపి, నీళ్ళు లోపలికి పీల్చి, ఆల్చిప్పల జాడ వాసన పడుతుంది. ఇక మెలికల కొసన ఉన్న సూదిమొనంత భాగమే దాని మొట్టమొదటి ఇల్లు. పిల్లప్పటి ఆ గుల్ల ముసలితనం దాకా అక్కడే ఉంటుంది.

అపోహ: ఇల్లు ఇరుకైతే నత్త పాతది వదిలి పెద్ద గుల్లలోకి మారుతుంది.

అలా మారేది సన్యాసి పీత. నత్త ఒళ్ళు బలమైన కండరంతో గుల్ల నడికంబానికి అతుక్కుని ఉంటుంది. బయటికి లాగితే చస్తుంది. కాబట్టి ఉన్న ఇంటికే గదులు కలుపుకుంటూ పోవాలి.

ఆ కలుపుకునే తీరు చూస్తే నాకు ఎప్పటికప్పుడు ఆశ్చర్యమే. నత్త ఒక విడతలో చుట్టులో మూడోవంతు కట్టి ఆగుతుంది. ఆగినచోట అంచును మందం చేసి, దాని మీద ముళ్ళ వరుస నిలబెడుతుంది. మళ్ళీ కొన్నాళ్ళకు ఇంకో మూడోవంతు. అందుకే పైనుంచి చూస్తే ముళ్ళ వరుసలు మూడు వైపులకూ సమానంగా ఉంటాయి. చుట్టు తిరిగి వచ్చేసరికి, ఎప్పుడో తాను కట్టిన ముళ్ళే కొత్త గోడకు అడ్డొస్తాయి. అప్పుడు వాటిని తానే కరిగించుకుని దారి చేసుకుంటుంది. ముళ్ళు లెక్కపెట్టి వయసు చెప్పేయవచ్చు అనేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. ఒక్కో విడతకు ఇంతకాలమని నియమం లేదు, కొన్ని ముళ్ళు కరిగిపోతాయి, కొన్ని విరిగిపోతాయి.

అపోహ: ముళ్ళు అలంకారానికే.

1979లో పామర్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం ప్రచురించాడు. కొన్ని నత్తగుల్లల ముళ్ళూ బుడిపెలూ అరగదీసి, గుల్లల్ని దవడలతో నలిపి తినే చేపల ముందు పెట్టాడు. అరగదీసినవి తేలిగ్గా ఆహారమైపోయాయి. ముళ్ళుంటే గుల్ల దవడకు పట్టనంత పెద్దదవుతుంది. కొరికిన ఒత్తిడి మందమైన చోటికి మళ్ళుతుంది. మెత్తటి అడుగున కూరుకుపోకుండా కూడా పొడవాటి ముళ్ళు సాయపడతాయని కొందరి అభిప్రాయం. వంశధార, నాగావళి తెచ్చి పోసే ఒండ్రు మీద బతికే ప్రాణికి అది చిన్న లాభం కాదనిపిస్తుంది.

అపోహ: గుల్ల నూరితే రాజుల ఊదారంగు వస్తుంది.

రాదు. మధ్యధరా తీరంలో టైర్ నగరాన్ని గొప్ప చేసిన ఆ రంగు ఈ కుటుంబపు నత్తలదే, కానీ అది వచ్చేది గుల్లలోంచి కాదు, ఒంట్లోని ఒక గ్రంథిలోంచి. 1909లో ఫ్రీడ్‌లాండర్ అనే రసాయన శాస్త్రవేత్త 12,000 నత్తల నుంచి తీసిన రంగు 1.4 గ్రాములు. అది కూడా మన తీరపు జాతి కాదు, మధ్యధరాది.

అపోహ: వలలోంచి తీసేసరికే అది చచ్చి ఉంటుంది.

గుల్ల నోట్లోకి చూడండి. గోధుమరంగులో గోరులాంటి గట్టి బిళ్ళ అడ్డంగా బిగుసుకుని ఉంటే అది నత్త తలుపు. కాలు లోపలికి ముడుచుకుంటూ తలుపు వేసుకుంది, అంటే ప్రాణంతో ఉంది. లోపల తడి నిలుపుకుని కొంతసేపు ఒడ్డున ఓర్చుకోగలదు. పోగుల్ని ముల్లు మొదటినుంచి మొన వైపుకి జార్చితే వలా దక్కుతుంది, గుల్లా దక్కుతుంది. నీళ్ళలోకి విసిరితే తలుపు తెరుచుకుని మళ్ళీ ఇసుకలోకి దిగుతుంది. బిళ్ళ లేకుండా నోరు ఖాళీగా ఉంటే ఒక్క నిమిషం ఆగి చూడండి. లోపలినుంచి సన్యాసి పీత కాళ్ళు చాపవచ్చు.